విజిల్ తర్వాతి పట్టు

మా మెదక్‌లో ఒక కబడ్డీ కోచ్ ఉన్నాడు. ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాడు, ఆయనకేమీ కాలేదు. పొద్దున్నే బస్టాండు వెనక ఖాళీ జాగాలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నిలబడతాడు. ఇంకా ఎండే రాలేదు, కళ్ళద్దాలెందుకో ఆయనకే తెలియాలి. ట్రాక్ సూట్ జిప్పు గడ్డం దాకా లాగి, మెడలో విజిల్ వేసుకుని, పిల్లలను వరసగా నిలబెట్టి తిడతాడు. ఆయన లెక్కలో తిట్టడమంటే శిక్షణ, కొట్టడమంటే పై చదువు.

అమ్మానాన్నలకు మాత్రం ఆయన దేవుడు. కొడుకులను తెచ్చి ఆయన ముందు నిలబెట్టి, "కొట్టుండ్రి సార్, మేమేమనం" అని పర్మిషన్ ఇచ్చి మరీ పోయేవారు. నాటుకోడి కూర టిఫిన్ డబ్బాలో పెట్టుకుని గ్రౌండుకు వచ్చినవాళ్ళను నేను చూశాను. వాళ్ళలో మా ఆయన ఒకడు. మోటార్ల వైండింగ్ షాపులో రోజంతా రాగితీగ చుట్టే మనిషి, ఇంట్లో పిల్లాడిమీద చెయ్యి ఎత్తనివాడు, బయటివాడెవడో వాడి చెంప పగలగొడితే మురిసిపోయేవాడు. "డిసిప్లిన్ వస్తది" అనేవాడు. ఏం డిసిప్లినో నా మొహం!

నేను ప్రభుత్వ దవాఖానలో స్టాఫ్ నర్సుని. డ్రెస్సింగ్ రూమ్ నాది. ఆ గ్రౌండు పుణ్యమా అని మాకు ఆదివారాలు కూడా తీరిక ఉండదు. భుజాలు జారినవాళ్ళు, వేళ్ళు వాచినవాళ్ళు, మోచెయ్యి తోలు లేచినవాళ్ళు వస్తూనే ఉంటారు. అడిగితే అందరిదీ ఒకటే జవాబు, "ఆటల తాకింది సిస్టర్" అని. దోమ కుట్టిందన్నంత తేలిగ్గా చెప్పేవారు.

నా కొడుకు డిగ్రీ చదువుతూ ఆ జట్టులో ఎడమ మూల నిలబడేవాడు. కూతకొచ్చినవాడు మూల దాటబోతుంటే వంగి చీలమండ అందుకోవడం వాడి పని. బాగా అందుకునేవాడు. తల్లినని చెప్పడం లేదు, అవతలి జట్ల వాళ్ళే అనేవారు. వాడి పట్టులో పడితే బయటపడడం కష్టమని, అయినా ఎవరికీ దెబ్బ తగలకుండా పడేస్తాడని. ఆ రెండో మాటే కోచ్‌కు నచ్చేది కాదు.

ఆయన నేర్పే విద్య ఒకటుంది. రెఫరీ విజిల్ వేస్తే ఆట ఆగాలి, పట్టు వదలాలి. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. ఈయన మాత్రం, "విజిల్ కొట్టినంక గూడ ఒక్క పట్టు మనదే ఉంటది" అని నేర్పేవాడు. ప్రాక్టీసులో ఒకణ్ణి పడేయించి తనే విజిల్ ఊది, వెంటనే ఎవడు చెయ్యి వదిలాడో చూసేవాడు. వదిలినవాడు గ్రౌండు చుట్టూ కప్పగంతులు వెయ్యాలి. వదలనివాడికి శభాష్.

దానికి తోడు విజిల్ ఆచారం. మ్యాచ్ అయ్యాక ఆయన తన మెడలోని విజిల్ తీసి, తనకు వేరేది ఉంది లెండి, ఒక పిల్లాడి మెడలో వేస్తాడు. ఎక్కువ పాయింట్లు తెచ్చినవాడికి కాదు సుమా! అవతలి రైడర్‌ను మళ్ళీ కోర్టులోకి రాకుండా ఎవడు చేశాడో వాడికి. కుంటుకుంటూ సొంతంగా నడిచిపోతే లెక్కలోకి రాదు. మోసుకుపోవాలి. విజిల్ దక్కినవాడు తర్వాతి మ్యాచ్ దాకా దాన్ని వేసుకుని ఊరంతా తిరుగుతాడు. చాయ్ బండి దగ్గర పెద్దవాళ్ళు కూడా లేచి వాడికి చోటిస్తారు. పొద్దున ప్రాక్టీసులో వాడే విజిల్ ఊది మిగతావాళ్ళను పరిగెత్తిస్తాడు. ఆ విజిల్ వేసుకున్న కొడుకుతో ఫోటో దిగి ఫోనులో పెట్టుకున్న తండ్రులున్నారు. సిగ్గూ శరం లేని జాతర!

నా కొడుకుకు అది ఎప్పుడూ దక్కలేదు. చేగుంటలో జరిగిన మ్యాచ్ ఒంటిచేత్తో గెలిపించి వచ్చాడు. ఆ రోజు కూడా కోచ్ వాడివైపు చూడలేదట. విజిల్ ఇంకొకడి మెడలో పడింది. వీడు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు.

"ఆటల ఏమన్న తక్కువ, కసర చేసినవేమో రా," అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్ళు మండింది. "గెలిపిచ్చినోనికి కసర ఏంది? ఎవని కాలన్న ఇరగ్గొడితెనే మెచ్చుకుంటడా మీ సారు? గదేం కోచింగు?"

"నీకు ఆట తెల్వదమ్మా, నువ్వు ఊకో," అన్నాడు కొడుకు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. పందొమ్మిదేళ్ళ మగపిల్లాడు, మ్యాచ్ గెలిచి వచ్చి, ఆ కళ్ళద్దాల మనిషి చూడలేదని ఏడుస్తున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నిజాంపేట జట్టు మా ఊరికి ఆడడానికి వచ్చింది. ఆ ఆదివారం నాకు డ్యూటీ. సాయంత్రం ఆటోలో ఒక పిల్లాణ్ణి తెచ్చి బల్లమీద పడుకోబెట్టారు. ఒళ్ళంతా మట్టి. మోకాలు ఉండాల్సిన తీరులో లేదు. డాక్టరు చూసి, కాలు కదలకుండా చెక్క కట్టి హైదరాబాద్ పంపాలన్నాడు. ఆ పిల్లాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"సిస్టర్, మా అమ్మకు ఫోన్ చెయ్యకుండ్రి, పరేషాన్ అయితది. నేనే చెప్త."

"సరే బిడ్డా, చెయ్యం. ఎట్లయింది?"

"మూల మీదోడు పట్టిండు సిస్టర్. పడ్డ. విజిల్ గొట్టిండ్రు. అయిపోయింది గద అని కాలు ఢీలా ఇడ్సిన. గప్పుడు తిప్పిండు."

విజిల్ కొట్టారని నమ్మి కాలు వదులు చేశాడు. ఆట నియమాన్ని నమ్మినందుకు ఆ పిల్లాడికి దక్కిన బహుమతి అది. నేను చెక్కకు గుడ్డ చుడుతున్నాను. మూల మీదవాళ్ళు జట్టుకు ఇద్దరుంటారని నాకు నేను చెప్పుకుంటున్నాను.

ఇంతలో తలుపు దగ్గర నవ్వులు వినిపించాయి. నా కొడుకు, వాడి వెనక ఇద్దరు దోస్తులు. కనుబొమ్మ చిట్లితే టవలు అదిమి పెట్టుకుని వచ్చాడు. "అమ్మా, జల్దీ రెండు కుట్లేపియ్యి" అంటూ లోపలికొచ్చాడు. మెడలో విజిల్ వేలాడుతోంది.

బల్లమీద పిల్లాడు వాణ్ణి చూశాడు. వీడు వాణ్ణి చూశాడు. నవ్వు ఆగిపోయింది. మా దవాఖాన ఆయా, ఆమె కొడుకు కూడా అదే గ్రౌండులో పెరిగినవాడే, విజిల్ సంగతి ఎరిగిన మనిషి, "యా అల్లా" అని గోడవైపు తిరిగింది.

"తియ్ రా గది," అన్నాను.

వాడు విజిల్‌ను పిడికిట్లో మూసుకున్నాడు. "సార్ ఇచ్చిండు," అన్నాడు. తియ్యలేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. వాణ్ణి బయటికి నెట్టి, ఆ పిల్లాడి కాలు కట్టడం పూర్తి చేశాను. నేనెవరో ఆ పిల్లాడికి అప్పటికి అర్థమైంది. అయినా అంబులెన్సు ఎక్కిస్తుంటే, "థ్యాంక్స్ సిస్టర్" అన్నాడు. ఆ మాటకు ఎక్కడ తల దాచుకోవాలో తెలియలేదు.

ఎవరో ఫోనులో మ్యాచ్ తీశారు. ఆ వీడియో ఊరంతా తిరిగి నాదాకా వచ్చింది. చూశాను. నా కొడుకు చీలమండ అందుకోవడం, ఇంకో ఇద్దరు వచ్చి మీద పడడం, కూత ఆగడం, విజిల్. ఆ ఇద్దరూ వదిలి లేస్తున్నారు. నా కొడుకు లేవలేదు. పట్టుకున్న కాలుతో సహా పక్కకు దొర్లాడు. ఆ పిల్లాడి నోరు తెరుచుకుంది. గీత అవతల నల్ల కళ్ళద్దాల మనిషి చప్పట్లు కొడుతున్నాడు. ముగ్గురిలో ఇద్దరు ఎందుకు వదిలారంటే, వాళ్ళకు అంతకుముందే విజిల్ దక్కింది. ఇక వాళ్ళకు తొందర లేదు.

మోకాలికి ఆపరేషన్ అయింది. నడుస్తాడు గాని ఆడతాడో లేదో చెప్పలేమన్నారట. నిజాంపేట వాళ్ళు ఫిర్యాదు చేస్తే, ఆటల సంఘం పెద్దలు ఎంక్వయిరీ పెట్టారు.

అంతే, కోచ్ మా ఇంటికి ఆపిల్ పండ్లతో దిగాడు. అంతకుముందు మా గడప తొక్కిన మనిషి కాదు. కుర్చీలో వెనక్కి వాలి, మా ఆయన ఇచ్చిన చాయ్ ఊదుకుంటూ మొదలుపెట్టాడు.

"చూడు మేడమ్, పోరడు జోష్‌ల చేసిండు. గదే చెప్పమనుండ్రి. 'తప్పు నాదే, కోపంల చేసిన' అంటే ముచ్చట ఖతం. ఒక్క ఏడాది సస్పెండ్ చేస్తరు. నేను సంభాళిస్త."

"మీరు నేర్పిందే గద సార్ వాడు చేసింది?"

"నేను కాలు ఇరగ్గొట్టుమని చెప్పిన్నా? ఎవల్నన్న అడుగుండ్రి. గా మాట ఒక్కనాడన్న నా నోట్లెకెళ్ళి వచ్చిందా?"

రాలేదు. నిజమే. అదే ఆయన తెలివి. ఏళ్ళ తరబడి పిల్లలకు ఆకలి పుట్టించాడు, ముందర కంచం పెట్టాడు, తినమని మాత్రం నోటితో అనలేదు. రేపు ఎవరైనా అడిగితే చేతులు దులుపుకోవడానికి దారి ఉంచుకున్నాడు.

"గా పోరన్ని చూడనీకె పోయిండ్రా?" అని అడిగాను.

"టైం ఏడున్నది మేడమ్, టోర్నమెంట్లు నడుస్తున్నయ్. మీరు గూడ పోకుండ్రి. పోతే తప్పు ఒప్పుకున్నట్టయితది, కేసు పెడ్తరు."

అబ్బ, ఏం బుర్ర! ఎంక్వయిరీలో పెద్దల ముందు తప్పు ఒప్పుకోవాలట. కాలు పోయినవాడి ముందు మాత్రం ఒప్పుకోకూడదట. మా ఆయన తల ఊపుతున్నాడు, సార్ పేరు ఖరాబైతే జట్టే ఖరాబైతదని. నేను ఇంకేదో అనబోతే, లోపలి గది గుమ్మంలోంచి నా కొడుకు అన్నాడు, "నేను చెప్త సార్. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

ఆ గొంతులో భయం లేదు. గర్వం ఉంది. గురువు కోసం తల ఇస్తున్నానని వాడి ఉద్దేశం. ఆయన వెళుతూ వెళుతూ విజిల్ అడిగి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

ఎంక్వయిరీ ఒక ఫంక్షన్ హాలు ఆఫీసు గదిలో జరిగింది. తెల్ల చొక్కాల పెద్దమనుషులు నలుగురైదుగురు, బల్లమీద సమోసాలు, కారం చెట్నీ. వీడియో పెట్టి చూశారు. మళ్ళీ వెనక్కి తిప్పి చూశారు. వీడియోలో కాలు తిప్పింది నా కొడుకు. కోచ్ గీత అవతల ఉన్నాడు కదా, గీత అవతలివాడికేం సంబంధం? వాళ్ళకు గీత ఒక్కటి దొరికింది, చాలు.

నా కొడుకు లేచి నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని అప్పజెప్పాడు. "తప్పు నాదే సార్. కోపంల చేసిన."

"గిదీ స్పోర్ట్స్‌మన్ స్పిరిట్ అంటే," అన్నాడు ఒక పెద్దాయన, వేళ్ళకంటిన చెట్నీ తుడుచుకుంటూ. "ఒప్పుకుండు. కోచ్ మంచిగ పెంచిండు."

నేను ఆగలేకపోయాను. లేచాను. "సార్, మ్యాచ్ అయినంక ఆయన మెడల విజిల్ తీసి ఎవలకేస్తడో అడుగుండ్రి."

కోచ్ నవ్వాడు. "పోరగాండ్లను ఎంకరేజ్ చెయ్యనీకె ఇస్త సార్. చిన్న ఖుషీ."

"మరి చేగుంటల నా కొడుకు మ్యాచ్ గెలిపిచ్చిండు. గప్పుడెందుకియ్యలే? గీ పోరని కాలు ఇరిగినంకనే ఎందుకిచ్చిండ్రు?"

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అర్థమైందేమో అనుకున్నాను. పిచ్చిదాన్ని. పెద్దాయన కోచ్ వైపు చూసి కన్ను గీటి, "అమ్మా, కొడుకుకు ముందుగాల్నే ప్రైజ్ ఇయ్యలేదని మనసుల పెట్టుకున్నట్టున్నవ్" అన్నాడు. అందరూ నవ్వారు. కోచ్ నవ్వాడు. మా ఆయన నేలచూపులు చూశాడు. నా కొడుకు తల దించుకుని వాడూ నవ్వాడు.

ఇంత చదువు, ఇంత వయసు, ఇన్ని శాలువాలు కప్పించుకున్న మనుషులు! ఒక్కరికీ తల ఎత్తి ఆ మనిషిని నిలదీసే దమ్ము లేదు. నా కొడుకును ఏడాది సస్పెండ్ చేశారు. కోచ్‌ను ఇకమీదట పిల్లల కోపం అదుపులో పెట్టమని కోరారు. కోరారు! ఆయన సరేనని ఒక సమోసా తీసుకున్నాడు.

బయటికొచ్చాక ఆయన వాడి వీపు తట్టి, "షేర్ రా నువ్వు, పులివి, నేనున్న నీకు" అన్నాడు. నా కొడుకు మొహం వెలిగిపోయింది. అప్పుడు భయం వేసింది నాకు. సస్పెన్షన్ అయితే అయింది, ఏడాదికి ఆట తిరిగొస్తుంది. నా కొడుకు ఇక తిరిగి వస్తాడా అని నా భయం. ఒకడి కాలు తీసి, తియ్యించినవాడి పాపం నెత్తిన పెట్టుకుని, దానికి భుజం తడితే మురిసిపోయేవాడు ఇంకొన్నేళ్ళకు ఏమవుతాడు? నల్ల కళ్ళద్దాలు కొనుక్కుంటాడు, ఇంకేమవుతాడు.

కోచ్ పుణ్యమే అనాలి, వారం తిరక్కముందే ఎడమ మూలలో ఇంకొకణ్ణి నిలబెట్టాడు. నా కొడుకు గీత పక్కన కూర్చుని చూద్దామని పోతే, "సస్పెండ్ అయినోడు గ్రౌండ్ల ఉంటే నాకు నోటీసొస్తది, ఇంటికి పో" అని పంపేశాడట. వాడు ఇంటికొచ్చి షూస్ విప్పకుండా మంచంమీద పడుకున్నాడు. ఫోన్ చేస్తే ఆయన ఎత్తడం లేదు. మా ఆయన, "సార్ బిజీ ఉంటడు రా" అన్నాడు. నేను వాడి పక్కన కూర్చున్నాను.

"నిజాంపేట పోదాం, నడువు," అన్నాను.

"ఎందుకు? తప్పు ఒప్పుకున్న గద."

"ఎవరి ముంగట ఒప్పుకున్నవ్ రా? సమోసాల ముంగట."

వాడు గోడవైపు తిరిగాడు. కాసేపటికి లేచి మొహం కడుక్కుని వచ్చాడు. బస్సులో దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

నిజాంపేటలో వాళ్ళది చిన్న రేకుల ఇల్లు. ఆ పిల్లాడు వాకిట్లో మంచంమీద ఉన్నాడు, కాలికి తొడ దాకా పట్టీలు. వాళ్ళమ్మ పక్కనే చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. "గీ సిస్టరే అమ్మా నాకు కట్టు కట్టింది," అన్నాడు వాడు. ఆమె సంతోషంగా, "రా అక్కా, కూసో" అని పీట జరిపింది. అప్పుడు వాడి చూపు నా వెనకున్న మనిషిమీద పడింది. ఆమె చూపు కొడుకు చూపు వెంబడే పోయింది. ఎవరూ చెప్పకుండానే ఆమెకు అర్థమైంది. తిడుతుందనుకున్నాను, తిట్టాలనే కోరుకున్నాను. ఆమె తిట్టలేదు.

"నువ్వేనా?" అని అడిగింది.

నా కొడుకు చేతులు వెనక్కి పోయాయి. "తప్పు నాదే. కోపంల చేసిన," అన్నాడు. హాల్లో చెప్పిన మాటే, ఒక్క అక్షరం తేడా లేదు.

"నా కొడుకు మీద నీకేం కోపం బిడ్డా? ముందుగాల ఎరుకేనా వీడు నీకు?"

"లేదు."

"నిన్ను ఏమన్న తిట్టిండా?"

"తిట్టలే."

"మరి కోపమెందుకొచ్చింది?"

వాడు నావైపు చూశాడు. నేను నోరు విప్పలేదు. ఎంత కష్టమైందో నాకే తెలుసు, కాని విప్పలేదు. వెనక్కి కట్టుకున్న చేతులు విడిపోయి పక్కకు వేలాడాయి. మంచంమీద పిల్లాడు కూడా జవాబు కోసమే చూస్తున్నాడు.

"కోపం రాలే," అన్నాడు నా కొడుకు. "సార్ మెచ్చుకోవాలని చేసిన."

ఆమె వాణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"మెచ్చుకున్నడా మరి?"

"మెచ్చుకున్నడు," అన్నాడు.